వియ్యంకుడు దిగని ఎర్ర కారు

ఆ రోజుల్లో కారు మంచిదో చెడ్డదో చెప్పడానికి ఎవరూ డబ్బు తీసుకునేవారు కాదు. ఊరికే చెప్పేవారు, అడగకపోయినా చెప్పేవారు. ఇప్పుడు ఫోను తెరిస్తే చాలు, నల్లకళ్ళద్దాల కుర్రవాడొకడు తెల్లవారుజామున ఎయిర్‌పోర్టు రోడ్డు మీద, పిట్ట కూడా అడ్డురాని చోట, రెండు తలుపుల కారొకటి రయ్యిమని తోలి, దిగి, జుట్టు సవరించుకుని, "అందుబాటు ధరలో స్పోర్ట్స్ కూపే, రోజువారీ వాడకానికి భేషుగ్గా ఉంటుంది" అని తీర్పు చెబుతాడు. ఎవరి రోజువారీ నాయనా? నీ రోజులో పాలవాడు లేడా, పప్పు బస్తా లేదా, మోకాళ్ళ నొప్పుల మేనత్త లేదా? (ఈ ప్రశ్న వాడి వీడియో కింద రాశాను. బదులుగా ఒక బొటనవేలు బొమ్మ పంపాడు.) అసలు అలాంటి కారును రోజువారీ పనికి పరీక్షించిన మొదటి మనిషిని, నాకు తెలిసినంతలో, నేనే. శాలిబండ నుంచి ఉప్పుగూడ స్టేషను దాకా, మళ్ళీ వెనక్కి.

అప్పుడు నేను శాలిబండలో ఎండుమిర్చి టోకు వ్యాపారం చేసే ఒక సేటు గోదాములో బస్తాలు మోసేవాణ్ణి. మిర్చి గోదాము సంగతి తెలియనివారికి ఇంతే చెబుతాను: పొద్దున మొదలుపెట్టిన తుమ్ము సాయంత్రానికి గాని పూర్తయ్యేది కాదు. ఇంటికి వెళితే మా అక్క తన పిల్లల్ని నా దాపులకు రానిచ్చేది కాదు, నన్ను ముట్టుకుంటే వాళ్ళ కళ్ళు మండేవి. నాలుగో తరగతితోనే బడి నన్ను వదిలించుకుంది. అయినా పొట్లాలు కట్టడానికి దుకాణానికి తూకం లెక్కన వచ్చే పాత ఇంగ్లీషు మోటారు పత్రికలను చింపకముందే చదివి, అర్థమైనవీ కానివీ బట్టీపట్టి, మిర్చి లారీ డ్రైవరును బతిమాలి స్టీరింగు పట్టడం నేర్చుకుని, మోటార్ల విషయంలో ఆ పేటకంతా పెద్ద దిక్కునని పేరు తెచ్చుకున్నాను. (ఆ పేరు పెట్టింది కూడా నేనే.) గోదాములోంచి బయటపడి ఏదో ఒక స్టీరింగు ముందు కూర్చోవాలన్నది అప్పట్లో నా ఏకైక కోరిక.

అలాంటి సమయంలో సేటు కొడుకు, మేమంతా చిన్న సేటు అని పిలిచేవాళ్ళం, ఒకరోజు పొద్దున్నే ఒక ఎర్ర కారు తెచ్చి దుకాణం ముందు నిలిపాడు. బొంబాయి నుంచి ఎవరో తెచ్చిన పాత విదేశీ బండి, చవగ్గా వస్తోంది. ఎత్తు నా నడుము దాకా, తలుపులు రెండు, గొంతు మాత్రం లారీది. పెద్ద సేటు దాని చుట్టూ ప్రదక్షిణం చేశాడు.

"కడమ రెండు తలుపులేవిరా?"

"గవి ఉండయ్ బాపు. గిది స్పోర్టు బండి."

"తలుపులు తక్కువైతె ధర తక్కువనా?"

"ఎక్కువ బాపు."

ముసలాయన కొడుకును వదిలి నన్ను పిలిచాడు. "ఏందిర, నువ్వు బండ్ల గురించి మస్తు చదివినవంట. చెప్పు, గిది ఇంటికి పనికొస్తదా?" నేను గొంతు సవరించుకుని, బండి రోడ్డును పట్టుకునే తీరు, మలుపుల్లో బరువు పంచుకునే తీరు, అప్పటిదాకా పొట్లం కాగితాల మీదే చూసిన సంగతులన్నీ కళ్ళారా చూసినట్టు చెప్పాను. ఆయన చెయ్యి ఊపి ఆపేశాడు. "గదంత నాకెందుకు. ఇయ్యాల షాద్‌నగర్ నుంచి మా బావ వస్తుండు. పెండ్లయినంక మా ఇంటికి రావుడు గిదే మొదలు. ఉప్పుగూడ టేషన్ల దిగుతడు. గీ బండిల తీస్కరా. మంచిగొస్తె బండి ఉంటది, నువ్వు డ్రైవర్‌వి. రాకుంటె బండి వాపస్, నువ్వు గోదాంల." మా బావ అంటే కూతురి మామగారు, కొత్త వియ్యంకుడు. ఆయన మనసు కష్టపెడితే పుట్టింటి పేరిట అత్తవారి మాటలు కూతురు ఏళ్ళ తరబడి పడాలి. అంత పరువునూ నా మిర్చి చేతుల్లో పెట్టాడు పెద్దాయన.

వియ్యంకుడు పాసింజరు బండి దిగాడు. మనిషి మూడు బస్తాల పెట్టు. నేను పరుగున వెళ్ళి ముందు తలుపు తీశాను. ఆయన అడుగు వెనక్కి వేశాడు. ఆ ఇళ్ళలో పద్ధతి తెలిసినవారికి విడమరచి చెప్పనక్కరలేదు: కారులో పెద్దమనిషి చోటు వెనక, డ్రైవరు పక్కన కూర్చునేది గుమాస్తా, గుమాస్తా లేకపోతే టిఫిన్ క్యారియరు.

"నన్ను గుమాస్తా జాగల కూసోవెడ్తవా?" అన్నాడాయన.

నాతో వచ్చిన చిన్న సేటు బెదిరిపోయాడు. "అయ్యో, వాడు ఎర్రోడు మామా. మీరు యెనకనే కూసోండ్రి" అని ముందు సీటు మడిచి దారి చూపించాడు. నేను చదివిన పత్రికల్లో ఆ వెనక సీటును పిల్లలకూ సంచులకూ అని స్పష్టంగా రాశారు. మరి చెప్పవచ్చు కదా అంటారు. పిల్లల సీటని వియ్యంకుడితో చెప్పేదెవరు? ఆయన తల వంచి, ఒక భుజం, తరువాత పొట్ట, తరువాత రెండో భుజం, అలా విడతలుగా లోపలికి జారి, ఒక మెత్తని చప్పుడుతో స్థిరపడ్డాడు. ఎక్కడం ఇంత తేలికా అని ముచ్చటపడ్డాను కూడా.

గౌలిపుర దగ్గర బర్రెలు ఎదురొచ్చాయి. లారీలోంచి చూస్తే బర్రె చిన్న జంతువు. ఆ కారులోంచి చూస్తే కిటికీ నిండా పొదుగు, పైన ఎక్కడో మబ్బుల్లో కొమ్ములు. ఇంజను గర్జనకు ఒకటి బెదిరి ఆగింది. పాలాయన వంగి వంగి, ఇంకా వంగి, నా ముఖం కనిపెట్టి, "జర బండి బంద్ చెయ్యన్నా. బెదిరితె పొద్దుమీకి పాలియ్యది" అన్నాడు. గాలిని చీల్చుకుపోతుందని పత్రికలు పొగిడిన యంత్రాన్ని ఆపేసి, బర్రెలు గడిచేదాకా చేతులు కట్టుకుని కూర్చున్నాం. వెనకనుంచి "పంక లేదా గిండ్ల?" అన్న గొంతు వినబడింది. సైకిల్ మీద పోతున్న ఒకాయన కాలు ఆనించి, కారును ఆ కొస నుంచి ఈ కొసకు చూసి, "క్యా భాయ్, పీఛే కా దర్వాజా లగానా భూల్ గయే క్యా?" అని, వెనక తలుపు బిగించడం మరిచిపోయామేమోనని పరామర్శించి వెళ్ళాడు.

ఇంటి ముందు సేటు భార్య చెంబుతో నీళ్ళు పట్టుకుని సిద్ధంగా ఉంది. వచ్చిన వియ్యంకుడి కాళ్ళమీద నీళ్ళు పోశాకే గడప దాటించాలి. చిన్న సేటు సీటు మడిచాడు. లోపల కదలిక వినబడింది, నిట్టూర్పు వినబడింది, మనిషి రాలేదు. తల ముందు పెట్టి చూశాడు, పొట్ట ఒప్పుకోలేదు. తిరిగి కాళ్ళు ముందు పెట్టాడు. పాదాలు రెండూ ఎంతో మర్యాదగా బయటికి వచ్చి అక్కడే ఆగిపోయాయి. ఇరుగుపొరుగు మూగారు. పెద్ద సేటు ఆ పాదాలకేసి చూసి, వాటి మీద ఎండ పడుతోందని కాబోలు, భార్యతో నెమ్మదిగా, "కాళ్లొచ్చినయ్ కద, నీళ్ళు పొయ్యి" అన్నాడు. ఆమె పోసింది. సగం పాదాల మీద, సగం కారులో.

"బావా, ఎట్లుంది పాణం?" అని పెద్ద సేటు లోపలికి వంగి అడిగాడు.

"పాణం మంచిగనే ఉన్నది. ఛాయ్ గిట్ల ఇచ్చేదుంటె గిక్కడికే పంపు."

ఇక నాకు దిక్కుతోచలేదు. డ్రైవరు వైపు నుంచి దూరి, సీటు మీద మోకాలు వేసి, ఆయన చంక కింద భుజం పెట్టాను. నడుము కొంచెం మెలితిప్పి, ఊపిరి బిగబట్టి, బస్తా లేపేటప్పుడు మేమనే మాట నోట వస్తుంటే మింగేసి, ఒక్క ఎత్తు ఎత్తాను. "మెల్లగ బిడ్డా, నేను మిర్చి బస్తాను కాను" అంటూనే వియ్యంకుడు తలుపులోంచి వచ్చి, పెద్ద సేటు కౌగిట్లో పడ్డాడు. చూసేవాళ్ళకు వియ్యాలవారి ఆప్యాయతలాగే కనిపించింది. ఆ తరువాత ఆయన చాలాసేపు తుమ్మాడు, అది నా చొక్కా ప్రభావం.

ఛాయ్ అయ్యాక బండి ఎట్లుంది బావా అని పెద్ద సేటు అడిగాడు. వియ్యంకుడు పంచె పిండుకుంటూ, "మంచి బండే. ఇంటికొచ్చిన సుట్టాన్ని మల్ల పోనియ్యొద్దనుకుంటె గిసుంటిదే ఉండాలె" అన్నాడు. పెద్ద సేటు నవ్వి నా వైపు తిరిగాడు. "బండి వాపస్. కాని నీ చేతిల పనితనం ఉన్నదిరా. గంత మనిషిని గట్ల లేపినవ్. నిన్ను గోదాంల నుంచి తీస్తె నాకే నష్టం." ఎర్ర బండి ఎక్కి గోదాములోంచి బయటపడదామనుకుంటే, గోదాములో నేర్చిన పనే నన్ను మళ్ళీ అక్కడికి పట్టి ఇచ్చింది. మెచ్చుకోలు అంత చేదుగా ఉంటుందని ఏ పత్రికలోనూ చదవలేదు.

బండిని అమ్మజూపిన ఆసామి ఇంట్లో అప్పగించి రమ్మని సాయంత్రం నన్నొక్కణ్ణే పంపారు. సందు మొగలో, నాతోపాటు బస్తాలు మోసే లంబూ (ఆరడుగుల మనిషి, అసలు పేరు వాళ్ళమ్మకే గుర్తుండాలి) చెయ్యి ఊపాడు. ఆపాను. వాడు మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ముందు సీట్లో, నా పక్కన కూర్చున్నాడు. వాడికి ఏ సీటైనా పట్టింపు లేదు.

"మస్తుంది గదరా. సేటు ఎందుకు వద్దన్నడు?"

"రోజువారీకి పనికిరాదంట."

"రోజు సంగతి వాళ్ళు చూసుకుంటరు తియ్యి. మనకు గియ్యాల చాలు. జర చుట్టు తిప్పుకొని తోలు."

చుట్టు తిప్పే తోలాను. వెళ్ళాల్సిన ఇల్లు కుడివైపు అయితే ఎడమకు తిప్పాను. అద్దాలు దింపి, ఇద్దరం తుమ్ముకుంటూ, బజారంతా తలెత్తి చూస్తుంటే, దీపాలు పెట్టే వేళకు గాని చేరలేదు. ఇప్పుడు ఆ కుర్రవాడు, నల్లకళ్ళద్దాలవాడు కాదు, అప్పటి నేను, నా ముందునుంచి పోతే ఆపి నాలుగు అక్షింతలు వేయాల్సిందే: మోచెయ్యి కిటికీ బయట పెట్టాడు, మలుపులో గేరు తప్పు వేశాడు, పక్కవాడికి లేనిపోని సంగతులు చెబుతున్నాడు. కాని పోనిస్తాను. పొద్దున మళ్ళీ వాడు బస్తా ఎత్తుకోవాలి.