ఇవ్వు అన్న మాట

సెమినరీ నుంచి నేను ఇంటికి తెచ్చుకున్నదల్లా కాస్త లాటిన్. ఫాదర్ని కాలేకపోయాను, చదువు మధ్యలోనే వచ్చేశాను. మా పేటలో అందరూ నొచ్చుకున్నారు, మా నాయనమ్మ తప్ప. ఆవిడకి నాతో పనుంది. పూజ ఇంకా తెలుగులోకి రాని రోజుల్లో, చిన్నప్పుడు చర్చిలో విని పట్టేసిన చావు పాట ఒకటి ఆవిడకి నోటికొచ్చు. అర్థం మాత్రం తెలీదు. మిరపకోతల్లో నడుం వంచి కాయలు కోస్తూ కూడా అదే పాడేది. రెక్వియెమ్ ఎతెర్నమ్ దోన ఎయి దోమినె.

ఒకరోజు దోన అంటే ఏంట్రా అని అడిగింది. కానుక అనే అర్థమున్న దోనుమ్‌లోంచి పుట్టిన క్రియ అనీ, మన దానం దానికి చుట్టమేననీ చెప్పాను. ఆవిడ మొహం మాడ్చుకుంది. బతికినంతకాలం అడుక్కోవడమే, చచ్చాక కూడా దానమేనా అంది. కాదు నాయనమ్మా అన్నాను. దోనో అంటే ఇస్తాను, దోనాస్ అంటే ఇస్తావు, దోనాత్ అంటే ఇస్తాడు. ఉత్త దోన అంటే ఎదురుగా నిలబడి ఇవ్వు అని చెప్పడం. ఈమెకి శాశ్వత విశ్రాంతి ఇవ్వు ప్రభువా, అంతే.

"నీ దుంపతెగ, ఇన్నేళ్లూ దేవుడికే పని పురమాయించానా నేను?" అని పడీ పడీ నవ్వింది. తన సమాధి దగ్గర అదే పాడాలని ఒట్టేయించుకుంది.

మొన్న కోతల కాలంలోనే పోయింది. సమాధుల దొడ్డికి మాకున్న ఒక్క దారీ ఓ పెద్ద రైతు పొలం పక్కనుంచే. ఆ దారి నిండా ఆయన మిరపకాయలు ఆరబోశాడు. వాటిలో నాయనమ్మ కోసినవీ ఉన్నాయి. మా నాన్న తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, దారి ఇప్పించండి బాబూ, కాయలు పక్కకి లాగి మళ్లీ మేమే సర్దేస్తాం అని బతిమాలాడు. ఆయన ఫోన్లోంచి తలెత్తకుండా కాలువలోంచి పొమ్మన్నాడు. పెట్టె మోసేవాళ్ల భుజాలు దిగిపోతున్నాయి. నాకు ఒళ్లు మండింది.

"దారి ఇవ్వండి" అన్నాను. అండీ కూడా పెట్టాను.

"ఎవడ్రా వీడు, నాకే ఆర్డరేస్తున్నాడు?"

నాన్న నా తరఫున దణ్ణం పెట్టాడు. కాలువలోంచే మోసుకుపోయాం, మోకాలి లోతు బురదలో. పెట్టె ఓ పక్కకి ఒరిగితే లోపల ఆవిడ దొర్లిన చప్పుడు అందరికీ వినపడింది.

సమాధి దగ్గర పాడాను. దోన అన్నచోట గొంతు పెంచి, కావాలనే, ఆ పొలం దాకా వినపడేలా పాడాను. దేవుడు ఎవడ్రా వీడు అనలేదు. విశ్రాంతి ఇచ్చాడో లేదో నాకు తెలీదు. మేం తిరిగొచ్చింది కూడా కాలువలోంచే.