ఉత్తమ నటుడి మీద మీసాల పందెం

ఆ రోజుల్లో పోర్ట్ బ్లెయిర్‌లో మాకు చేప తప్ప ఏదీ తాజాగా దొరికేది కాదు. ఉల్లిపాయలు మొలకలొచ్చాక దిగేవి, శుభలేఖలు పెళ్లికూతురు కాపురానికి వెళ్లాక అందేవి, సినిమాల సంగతి సరేసరి. ఏదైనా ఓడ మీదే రావాలి. విశాఖపట్నం ఓడ నెలకోసారి వచ్చేది, సముద్రానికి కోపమొస్తే అదీ లేదు. అవతలి ఒడ్డున ఎప్పుడో తేలిపోయిన సంగతి మీద ఇవతల మేం కూర్చుని, అదింకా జరగబోతోందన్న గట్టి నమ్మకంతో గొంతులు చించుకుని వాదించుకునేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. కానీ నవ్వి ఊరుకునే కథ కాదిది. నేను చెప్పబోయేదాంట్లో నవ్వు కన్నా ఏడుపే ఓ పాలు ఎక్కువ. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను తిట్టుకోకండి.

మా ఇల్లు బతు బస్తీలో. మా అయ్య, చిన్నాన్న భీమిలి దగ్గరి ఓ పల్లె నుంచి పెళ్లిళ్లు కాకముందే ఓడెక్కి వచ్చి ఇక్కడ వేట మొదలుపెట్టారు. ఇద్దరికీ కలిపి ఒకటే డింగీ, అంటే ఇంజను బిగించిన చిన్న పడవ. ఒకరు ఇంజను దగ్గరుంటే ఒకరు వల దగ్గర. ఒకరు ఊరెళితే రెండోవాళ్లు కూలిమనిషిని పెట్టుకుని ఎలాగో నెట్టుకొస్తారు. ఇద్దరూ వెళితే మాత్రం పొయ్యిలో పిల్లి లేవదని మా అమ్మ లెక్క. అన్నదమ్ములకి అన్నింట్లోనూ ఒకే మాట, ఒక్క సినిమాల్లో తప్ప. అయ్యకి ఒక హీరో, చిన్నాన్నకి ఒక హీరో. అయ్య హీరో ఏడిస్తే హాలంతా ముక్కులు చీదేది, అందుకని ఆయన మా ఇంట్లో ‘కన్నీళ్లాయన’. చిన్నాన్న హీరో కత్తి దూస్తే కుర్చీలు విరిగేవి, ఆయన ‘కత్తాయన’. ఇక నేను. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్లు. చదువంతా హిందీలో సాగి, పదో తరగతి దగ్గర ఆగిపోయింది. బజార్లో రిబ్బన్లూ దువ్వెనలూ పత్రికలూ అమ్మే ఒక సేఠ్ కొట్లో కొత్తగా పనికి కుదిరాను. ఓడ మీద తెలుగు సినిమా పత్రిక కట్ట దిగేది ఆ కొట్టుకే. తెలుగు అక్షరాలు నేను వాల్‌పోస్టర్ల మీదే నేర్చుకున్నాను. ఒత్తులు దగ్గరకొస్తే కాలు జారేది. అయినా మా ఇళ్ల వరసలో తెలుగు చదివే ఆడపిల్లను నేనొక్కదాన్నే కావడంతో సినిమా విషయాల్లో నా మాటకు తిరుగుండేది కాదు. (ఆ గర్వంతో రెండు జడలు ముందుకేసుకుని నడిచేదాన్ని. నా మొహానికి అదొకటి.)

ఆ ఏడు వానలు మొదలవుతుండగా వచ్చిన ఓడలో మా ఊరి ఉప్పుచేపల మావ దిగాడు. అటూ ఇటూ తిరుగుతూ ఎండుచేపల బేరం చేస్తాడు కాబట్టి ఆ పేరు. జెట్టీ నుంచి తిన్నగా మా ఇంటికే వచ్చి, మంచినీళ్లయినా తాగకుండా చెప్పేశాడు. “ముసిల్ది మంచం ఎక్కీసిందిరా. ఇద్దర్నీ తలుస్తంది. ఎవులో ఒకలు ఈ ఓడకే బేగి రండి.” ముసల్దంటే మా నాయనమ్మ. నేను ఆవిణ్ని ఒక్కసారే చూశాను, పొగాకు వాసన తప్ప ఇంకేమీ గుర్తులేదు. మా అయ్య వెంటనే “పెద్దోడ్ని, నానెల్తాను” అన్నాడు. చిన్నాన్న గయ్యిమన్నాడు. “నువ్వు మొన్న ఎల్లొచ్చినావు గదా అన్నియ్యా! అమ్మ నన్ను సూసి ఎన్నేళ్లయిందో నీకు మాలూమా?” “డాక్టర్లతోటి మాటాడాల, నీకేటి తెలుస్తాది?” “డాక్టర్లతో నువ్వేటి మాటాడతావు, పాటలా?” ఇలా ఓడ సరుకు దించుకుంటున్నన్నాళ్లూ ఇంట్లో అదే గోల. ఎవరూ తగ్గలేదు, ఎవరూ టికెట్టూ కొనలేదు. ఇప్పుడు నాకనిపిస్తుంది, ఇద్దరికీ వెళ్లాలనీ ఉంది, వెళ్లి తల్లిని ఆ మంచం మీద చూడాలంటే భయమూ ఉంది. ఆ భయాన్ని పైకి చెప్పుకోలేక ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు.

ఓడ రేపు బయల్దేరుతుందనగా సాయంత్రం అరుగు మీద కూర్చుని నేను కొత్త పత్రిక కూడబలుక్కుంటూ చదువుతున్నాను. ‘ఈ ఏటి ఉత్తమ నటుడెవరు? త్వరలో ప్రకటన’ అని ఓ పేజీ నిండా వేశారు. అంతే, అన్నదమ్ములు తల్లి సంగతి వదిలేసి హీరోల మీద పడ్డారు. అక్కడే చిన్నాన్న నోట్లోంచి ఊడిపడింది ఆ మాట. “ఛలో అన్నియ్యా, ఇలాగే తేల్చీసుకుందాం. మీ ఏడుపుగొట్టోడికొస్తే అమ్మకాడికి నువ్వెల్లు. మావోడికొస్తే నానెల్తాను. ఓడిపోనోడు మీసం తీసీయాల. బోలో!” అయ్య తొడ చరిచి “బోలా” అన్నాడు. వంటింట్లోంచి మా అమ్మ గరిటెతో సహా వచ్చింది. “ఓలమ్మో, మీసం తీసీడమేటి, కన్నతల్లి బతికుండగా! నోటికి అడ్డూ ఆపూ ఉండక్కర్నేదా?” (మా వాళ్లలో మగవాడు మీసం తీసేది తల్లో తండ్రో పోయినప్పుడే. మిగతా ఏ కష్టానికీ మీసం జోలికి వెళ్లరు.) ఎవరు వినాలి? ఫలితం వచ్చే ఓడకు గాని తెలియదు, కాబట్టి గెలిచినవాళ్లు ఆ ఓడ తిరుగు ప్రయాణంలోనే వెళ్లాలి, అదీ ఒప్పందం. “అమ్మది గట్టి పేనం. నెల్లాళ్లకేటవదు” అన్నాడు అయ్య. “ఏటవదు” అన్నాడు చిన్నాన్న. ఆ వారంలో వాళ్లిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే. మర్నాడు ఉప్పుచేపల మావ ఒంటరిగా ఓడెక్కాడు.

ఆ నెలంతా ఒకటే ముసురు. వేటకు వెళ్లే రోజులు తక్కువ, వాదించుకునే రోజులెక్కువ. ఆ ఏడు మా తెలుగువాళ్ల సంఘం తెరకట్టి ఆడించిన సినిమాల్లో కన్నీళ్లాయనదొకటి, కత్తాయనదొకటి. కన్నీళ్లాయన చూపు పోయిన బస్సు డ్రైవరు. కత్తాయన తండ్రీ కొడుకులుగా రెండు వేషాలు. “ఒకడే మడిసి రెండు వేసాలు కట్టినాడు. దేనికో దానికి తగలదా?” అని చిన్నాన్న. “వేసాలు కాదురా, మడిసిని ఏడిపించాల. మా వోడు స్టీరింగు తడుముకున్నాడు సూడు, నాను రెండ్రోజులు కూడు తిన్నేదు” అని అయ్య. ఆఖరికి ఇద్దరూ నా దగ్గరికే తీర్పుకొచ్చేవారు. నేనేమైనా తక్కువదాన్నా? ఆఖరి రీల్లో చచ్చిపోయిన హీరోకే జడ్జీలు ఇస్తారని ఒక సిద్ధాంతం కనిపెట్టాను. కన్నీళ్లాయన పూర్తిగా చచ్చిపోయాడు. కత్తాయన తండ్రి వేషంలో చచ్చిపోయి కొడుకు వేషంలో బతికాడు కాబట్టి ఆయనకు సగం మార్కులే. దాంతో చిన్నాన్న నాతో మాట్లాడ్డం మానేశాడు. పక్కింటి బెంగాలీ దీదీ కూడా వచ్చి చావుల లెక్క మీద నన్ను సందేహాలడిగేది. ఇంట్లో ఇంత గోల జరుగుతున్నా, మధ్యమధ్య అయ్య ఉన్నట్టుండి మాట ఆపేసి సముద్రం కేసి చూసేవాడు. చిన్నాన్న కూడా అటే చూసేవాడు. వెంటనే ఇద్దరూ ఇంకా పెద్దగా అరుచుకునేవారు.

ఓడ ఆలస్యంగా వచ్చింది. కొట్లో సేఠ్ కన్నా ముందు నేనే కట్ట విప్పాను. మొదటి పేజీలోనే బొమ్మ. కన్నీళ్లాయన కాదు, కత్తాయనా కాదు. ఎవరో బక్కపల్చటి మనిషి, మెడలో దండ, ఎక్కడా చూసిన మొహం కాదు. పేరు కూడబలుక్కున్నాను, సినిమా పేరు కూడబలుక్కున్నాను. రెండూ వినలేదు. మళ్లీ మొదటి నుంచి చదివాను, నా ఒత్తుల వల్ల పొరపాటేమో అని. కన్నీళ్లాయన బస్సు డ్రైవరు సినిమా ఊసే లేదు. సేఠ్‌ని అడిగితే కడుపు పట్టుకుని నవ్వాడు. “అరే బేటీ, వో పిక్చర్ తో వహాఁ కబ్ కీ ఉతర్ గయీ!” అక్కడ ఆ సినిమాలు ఆడి, వెళ్లిపోయి, జనం మర్చిపోయి కూడా చాలా కాలమైందట. వాటి బహుమతుల ముచ్చట ఎప్పుడో ముగిసిందట. మా దగ్గరికి ఈ ఏడు వచ్చాయి కాబట్టి అవి ఈ ఏటి సినిమాలే అనుకున్నాం మేం. నేనొక్కదాన్నే కాదు, బస్తీ బస్తీ అంతా. ఎవరికీ ఇంకోలా తోచనైనా లేదు.

ఇంటికెళ్లి చెప్పాను. “అంటే ఎవుడు గెల్చినట్టు?” అన్నాడు అయ్య. “ఎవుడూ నేదు.” “అంటే ఇద్దరం ఓడిపోనాం.” పందెం పందెమే కాబట్టి ఇద్దరూ లేచి మంగలి దుకాణానికి వెళ్లారు. తిరిగొస్తుంటే చూడాలి వాళ్లని! పుట్టి బుద్ధెరిగాక మా అయ్య పైపెదవి నేనెప్పుడూ చూడలేదు. పెదవి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, కొత్తకోడళ్లలా తలొంచుకుని వచ్చారు. వాళ్లు గుమ్మం ఎక్కీ ఎక్కకముందే వెనకాల మనుషులు. ఎదురింటి పెద్దమ్మ గుండెలు బాదుకుంటూ, “పోనాదా తల్లీ, ఎప్పుడు పోనాదే” అని అమ్మని వాటేసుకుంది. బెంగాలీ దీదీ గిన్నెడు అన్నం పప్పు పట్టుకొచ్చింది. ఊరి అవతల ఆస్టినాబాద్ నుంచి ఎవరో దూరపు బంధువులు కూడా దిగిపోయారు. (ఇలాంటి కబురు మాత్రం మా దగ్గర ఓడ కోసం ఆగదు.) మా అమ్మ ఒక్కొక్కరికీ అరిచి చెబుతోంది. “పోనేదు! మా అత్త బతికే ఉంది! ఈళ్ల సినిమా పిచ్చి తగలెయ్య!” నేను పమిట నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటున్నాను. చిన్నాన్న అప్పటికే ఆపుకోలేకపోయాడు. అతన్ని చూసి అయ్యా నవ్వాడు. నెల్లాళ్ల తర్వాత మా ఇంట్లో నవ్వులు వినపడ్డాయి. “ఇంక పందేలొద్దురా. ఈ ఓడకి నువ్వెల్లు” అన్నాడు అయ్య. “నేదు, నువ్వే ఎల్లు అన్నియ్యా” అన్నాడు చిన్నాన్న.

ఆ నవ్వుల్లోకే వచ్చాడు ఉప్పుచేపల మావ, మూట భుజానేసుకుని, అంతసేపూ జెట్టీ దగ్గరే తచ్చాడి. ఇంటి ముందు జనాన్ని చూశాడు, మా వాళ్ల పైపెదవులు చూశాడు, మూట దించి నిట్టూర్చాడు. “తెలిసిపోనాదన్నమాట. నా నోటితో ఎలా సెప్పాల్రా దేవుడా అని ఓడలో నిద్దర నేదు నాకు. పోన్లెండి. మీసాలు తీసీసినారు, మంచి పని. గుండ్లు పెద్దదినానికి గీయించుకుంటారా?”

అయ్య చెయ్యి మళ్లీ పైపెదవి మీదకు పోయింది. ఆయనకు మా మొహాలు అర్థం కాలేదు, దుఃఖమనుకుని చెప్పుకుపోయాడు. టెలిగ్రాం ఇద్దామనుకున్నారట, ఇచ్చినా నీళ్ల మీద నడిచి రాలేరు కదా అని మానుకున్నారట. “నాను ఒక్కణ్నే దిగీసరికి సిన్నబోనాది. అయినా ఊరుకుందా? ఒచ్చే ఓడకి ఎవుడొస్తాడో సెప్పండి సూద్దాం అని దినం మమ్మల్ని అడగడమే. నాను పెద్దోడన్నాను. మా ఆడది సిన్నోడంది. ముసిల్ది మా ఇద్దర్నీ సూసి నవ్వీసింది. మీకేటి తెల్సురా, నా కొడుకులు ఇద్దరూ ఒస్తారు సూడండి, అంది.”

కన్నీళ్లాయన ఏడ్చినట్టు ఎవరూ ఏడవలేదు మా ఇంట్లో. అయ్య అరుగు మీద కూలబడ్డాడు. చిన్నాన్న పక్కన కూర్చుని అన్న చెయ్యి పట్టుకున్నాడు. ఆ వయసు మగవాళ్లు అలా చేతులు పట్టుకుని కూర్చోవడం నేను చూడలేదు, ఇప్పటికీ ఆ దృశ్యం తలుచుకుంటే నాకు దుఃఖం వస్తుంది. ఆ ఓడ తిరిగి వెళ్లినప్పుడు ఇద్దరూ ఎక్కారు. డింగీ ఒడ్డునే పడుంది. మేం పస్తులుంటామేమో అని అంతలా భయపడ్డామా, బస్తీవాళ్లు ఒక్క పూటయినా మమ్మల్ని పస్తు ఉండనివ్వలేదు. ముందు ఓడకే ఇద్దరూ వెళ్లుండొచ్చు. ఆ మాట మా అమ్మ ఒకే ఒక్కసారి అంది, మళ్లీ ఎప్పుడూ అనలేదు. కొడుకులిద్దరూ వస్తారన్న ముసలమ్మ మాట నిజమైంది, చూసుకోవడానికి ఆవిడ లేదు.

ఇప్పుడు ఈ ఊళ్లోనే, ప్రోతరాపూర్‌లో మా ఇంట్లో పెద్ద టీవీ ఉంది. బహుమతులిచ్చే రోజున మనవలు నా చుట్టూ చేరి “నానీ, బతావో, ఎవరికొస్తాది?” అని వేధిస్తారు. సినిమాలన్నీ ఇక్కడికీ అక్కడికీ ఒకే రోజు వస్తున్నాయి, నా అంచనాలు మాత్రం ఒక్కటీ తగలవు. వాళ్లు పకపకా నవ్వుతారు, నేనూ నవ్వుతాను. రెండు జడలు ముందుకేసుకుని, పత్రిక చంకలో పెట్టుకుని, ఎవరు ఎంత బాగా చచ్చిపోయారో మార్కులేసిన ఆ పిల్ల మీద నాకు కోపం రాదు. ఎలా వస్తుంది? చావంటే ఆఖరి రీల్లో జరిగేదని అనుకునేది, పిచ్చి మొహంది.