పొయ్యి వెలిగించని వంట

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున చర్చికి బయల్దేరుతుంటే అత్తయ్య ఫోన్ చేసింది. "మీ మావయ్య లేవట్లేదే. ఒళ్లు చల్లగా ఉంది. నువ్వు రా," అంది. నేను వెళ్లేసరికి ఆయన మంచం పక్కన కుర్చీ వేసుకుని, దుప్పటి అంచు సరిచేస్తూ కూర్చుని ఉంది. నిద్రలోనే వెళ్లిపోయారు.

సమాధుల తోటకి వచ్చినవాళ్లంతా ఆయన్ని ఓడల్లో తిరిగిన మనిషిగా తలుచుకున్నారు. నాకు మాత్రం ఆయన ఓడ దిగాక, మా కాకినాడలో చేసిన ఒక వంట గుర్తొస్తోంది. దాని గురించే మీకు చెప్పాలనుంది.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. సరుకు ఓడల్లో గిన్నెలు తోమడంతో మొదలుపెట్టి పెద్ద వంటవాడయ్యారు. సెలవుకి ఇంటికొస్తే అత్తయ్య ఆయన్ని వంటగదిలోకి రానిచ్చేది కాదు. "అక్కడ చేసి చేసి వచ్చారు. ఇక్కడైనా కూర్చుని తినండి," అనేది. అలా ఏ దేశం వాళ్లకో వండిపెట్టిన మనిషి చేతి వంట, సొంత భార్య తినకుండానే ఏళ్లు గడిచిపోయాయి. రిటైరయ్యాక వండి పెడదామనుకున్నారు. అంతలోనే పక్షవాతం వచ్చింది.

మాట దక్కింది. నడక కాస్త ఈడ్పుగానైనా తిరిగొచ్చింది. కుడి చెయ్యి మాత్రం చొక్కా బొత్తాం కూడా పెట్టుకోలేకపోయేది. డాక్టరు నొక్కమని రబ్బరు బంతి ఇస్తే దాన్ని పక్కన పడేశారు. "బంతి నొక్కితే ఏం వస్తదే? మీ అత్త కత్తులన్నీ బీరువాలో పెట్టి తాళం వేసేసింది. ఒకటి ఇప్పించు," అన్నారు నాతో.

"కత్తితో ఏం చేస్తారు మావయ్యా?"

"స్టేక్ టార్టార్."

ఫ్రెంచివాళ్ల వంట అది. లేత గొడ్డుమాంసాన్ని వండకుండా, కత్తితో సన్నగా తరిగి, ఆవముద్ద, ఉల్లిపాయ, ఊరగాయ ముక్కలు కలిపి, పైన పచ్చి గుడ్డుసొన పెట్టి తింటారు. విని అత్తయ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "పచ్చిదా! వేరే ఏదన్నా చేసుకోండి, నేనే దగ్గరుండి చేయిస్తాను," అంది.

"వేరేవాటిల్లో తప్పు చేస్తే మంట దాచేస్తదే. ఇందులో మంట లేదు. చెయ్యి సరిగ్గా ఉందో లేదో ఇదే చెప్తది," అన్నారాయన.

కత్తి బయటికొచ్చింది. ముందు ఉడికిన బంగాళాదుంప, తర్వాత దోసకాయ, ఆ తర్వాత ఉల్లిపాయ. నాకప్పుడు స్కూలు సెలవులు, రోజూ వెళ్లి పక్కన కూర్చునేదాన్ని. వేళ్లు పట్టు తప్పేవి, కత్తి బల్ల మీద పడేది. తీసివ్వబోతే ఊరుకునేవారు కాదు. "నేనే తీసుకుంటాను. అది కూడా పనే," అనేవారు. ముక్కలు వంకరగా వస్తే వాటిని కాసేపు చూసి, "మళ్లీ," అనేవారు. ఆ వేసవంతా వాళ్లింట్లో దోసకాయ పప్పే. "ఇంకో కాయ తరిగారంటే నేను మా అక్క ఇంటికి పోతాను," అని అత్తయ్య బెదిరిస్తూనే మర్నాడు సంచిలో మళ్లీ దోసకాయలు తెచ్చేది.

వర్షాలు మొదలయ్యాక మాంసం కొట్టుకి నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. అండర్‌కట్ ముక్క అడిగారు. నడుము లోపలి వైపు ఉండే లేత కండ అది.

"కీమా కొట్టేస్తానండి, మీకెందుకండి శ్రమ?" అన్నాడు కొట్టతను.

"మిషన్లో వేస్తే నలిగిపోద్దయ్యా. ముక్క ముక్కలాగే ఇయ్యి. పొద్దున్నే కోసిందే కావాలి."

ఇంటికొచ్చి సగం తరిగారో లేదో కరెంటు పోయింది. ఎంతకీ రాలేదు. మాంసం గిన్నె కింద పెట్టిన ఐసు కరిగి గిన్నె వెచ్చబడింది. ఆయన ముక్కలు వేలితో తాకి చూసి, గిన్నె అత్తయ్య వైపు జరిపారు. "ఇగురు పెట్టెయ్. అనుమానం వచ్చిందంటే అది పొయ్యి మీదకే," అన్నారు. ఆ ఇగురు ఎంత బాగుందో! ఆయన కూడా మారు వేయించుకున్నారు. చెయ్యి కడుక్కుంటూ మాత్రం, "వచ్చే శనివారం," అన్నారు.

ఆ శనివారం ముందే ఐసు గడ్డ కొని థర్మాకోల్ పెట్టెలో పెట్టారు. బల్ల, కత్తి, చేతులు వేడినీళ్లతో కడిగారు. మాంసం పైపొర అంతా కోసి పక్కన పెట్టి, లోపలి ఎర్రటి కండ మాత్రమే తీసుకున్నారు. ముందు పలకలుగా, తర్వాత పుల్లలుగా, చివరికి పెసరగింజలంత ముక్కలుగా తరిగారు. మధ్యలో చెయ్యి వణికితే ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ మొదలుపెట్టేవారు. కేపర్లనే పూమొగ్గల ఊరగాయ మాకు దొరకలేదు. వాటి బదులు ఉప్పులో ఊరిన వాక్కాయలు, వెనిగర్లో వేసిన దొండకాయలు తరిగి కలిపారు. ఉల్లిపాయ, కొత్తిమీర, మిరియాలపొడి, కాస్త నూనె వేశారు. ఆవాలు మాత్రం అత్తయ్య నానబెట్టి నూరింది. ముద్దలా చేసి, మధ్యలో వేలితో గుంట నొక్కి, నాటుకోడి గుడ్డు పచ్చసొన అందులో జార్చారు. అది చెదరలేదు.

కాల్చిన రొట్టె మీద పెట్టుకుని నేను తిన్నాను. చల్లగా, మెత్తగా, ముక్కులోకి ఎక్కే ఆవ ఘాటుతో ఉంది. మావయ్య నా వైపు చూడట్లేదు. అత్తయ్య వైపే చూస్తున్నారు. ఆమె చాలాసేపు పళ్లెం ముందు కూర్చుంది. చివరికి చెంచా చివరన కొద్దిగా తీసుకుని, కళ్లు మూసుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది.

"ఎలా ఉంది?" అన్నారు ఆయన, పరీక్ష రాసిన పిల్లాడిలా.

"ఆవ బాగా పడింది," అంది.

"అది నువ్వు నూరిందేగా! నాది చెప్పు."

"ముక్కలన్నీ ఒక్కలాగే వచ్చాయండి," అందామె. ఇంకో చెంచా తీసుకుంది.

ఆ తర్వాత ఆయన చాలా వంటలు చేశారు. అత్తయ్య కూర్చుని తింది. స్టేక్ టార్టార్ మాత్రం మళ్లీ అడగలేదు, ఆయనా చేయలేదు. కుదరదన్న పని ఎదురైనప్పుడల్లా నాకు "మళ్లీ" అన్న ఆ ఒక్క మాట వినిపిస్తుంది. అంతకంటే ఆయన నాకు పాఠమంటూ ఏదీ చెప్పలేదు.

టార్టార్ తిన్న ఆ శనివారం సాయంత్రం ముగ్గురం ఆటోలో ఉప్పాడ వైపు వెళ్లాం. సముద్రం కోసేసిన రోడ్డు పక్కన రాళ్ల మీద అలలు విరుగుతున్నాయి. ఆటో మెల్లగా పోతుంటే మావయ్య కుడి చెయ్యి బయటికి చాపారు. తుంపర అరచేతిలో పడుతోంది. వేళ్లు ఒక్కొక్కటిగా ముడిచారు, ఒక్కొక్కటిగా తెరిచారు. చెయ్యి లోపలికి పెట్టుకోమని అత్తయ్య అనలేదు.