కుంకుమ భరిణెలో చిటికెడు

ముందే చెప్పేస్తున్నాను: నేను కోతలు కోస్తాను. చిక్కడపల్లి మార్కెట్లో కొన్న సొరకాయ ఇంటికి చేరేలోపే నా నోట్లో రెండు బారలు పెరుగుతుంది. కాబట్టి ఇందులో ప్రతి సంగతినీ మీకు తోచినంత తగ్గించుకుని చదువుకోండి. కోపాన్ని మాత్రం తగ్గించొద్దు. అది త్రాసులో తూచి పోసింది.

తొంభైల నడుమ నేను ఒక మందుల కంపెనీలో పరిశోధన కెమిస్టుని. ఫ్యాక్టరీ ఊరి బయట. మా ల్యాబు మాత్రం నారాయణగూడలో ఒక అద్దె ఇంటి మేడ మీద. వంటింట్లో ఫ్లాస్కులు, పూజగదిలో త్రాసు. సాయంత్రం నేను బస్సెక్కితే నా ఒంటి వాసనకి ముందు మూడు వరుసలు, వెనక మూడు వరుసలు ఖాళీ. కండక్టరు ఫుట్‌బోర్డు మీద నుంచే టికెట్టు విసిరేవాడు.

పదకొండు నెలలు ఒకే మందు మీద కూర్చున్నాను. చివరి మెట్టు దగ్గర అది మొండికేసింది. తెల్లటి పొడిగా దిగాల్సింది బెల్లం పాకంలా ఫ్లాస్కుకు అతుక్కుపోయేది. చల్లబరిచాను, గాజుకడ్డీతో గోకాను, బూతులు తిట్టాను. ఆ గోకుడు భరించలేక కింది వాటావాళ్లు భోజనాలు మానేశారు.

ఒక మధ్యాహ్నం టిఫిన్ డబ్బా కడుక్కుని వచ్చేసరికి ఫ్లాస్కు నిండా తెల్లగా పొడి! ఒక్కసారి దిగిందంటే ఇక దిగులు లేదు. పాలకు తోడు వేసినట్టు, పాత పొడి చిటికెడు వేస్తే కొత్త పాకమంతా దారికొస్తుంది. తోడు లేకపోతే పాకం పాకమే. ల్యాబులో సీసాలకు కాళ్లొస్తాయి కనుక, చిటికెడు తెచ్చి అశోక్‌నగర్‌లో మా ఇంట్లో, మా ఆవిడ పాత కుంకుమ భరిణెలో దాచాను.

రిపోర్టు మొత్తం నేనే రాశాను. టైపు చేసి వచ్చాక చూస్తే పైన రెండు పేర్లు: మా ల్యాబు పెద్దాయనది, యజమాని అల్లుడిది. ఆ అల్లుడు ఫ్లాస్కు ముట్టుకోవడం ఒక్కసారే చూశాను. అందులో మనీప్లాంటు పెట్టుకున్నాడు.

"నా పేరేదండీ?" అన్నాను.

"టీమ్ వర్క్ అండీ," అన్నాడు పెద్దాయన. "ఇంత చిన్న విషయానికి అంత ఇదైపోతే ఎలా?"

చిన్న విషయం! పదకొండు నెలలు! ఆ రోజు నా కోపానికి హిమాయత్‌నగర్ దాకా ఫ్యూజులు ఎగిరిపోయాయి.

వారం తిరక్కుండా ఫ్యాక్టరీ ఆపరేటరు ఫోను. "సార్, మూడు దినాల సంది తిప్పుతున్నం, పానకం లెక్కనే ఉన్నది. జర మీరు రాండ్రి." సంగతేమిటంటే, ల్యాబులో ఉన్న పొడంతా పెద్దాయన కొనేవాళ్లకు శాంపిళ్లుగా పంచేశాడు. తోడుకి చిటికెడు ఉంచాలని ఆ మహానుభావుడికి తోచలేదు. "మా ఇంట్లో ఉందిలే," అన్నాను ఆపరేటరుతో. అన్నందుకు ఇప్పటికీ నాలిక కరుచుకుంటాను.

ఆ సాయంత్రమే, దీపాలు పెట్టే వేళకి, పెద్దాయన మా మెట్లెక్కాడు. శుక్రవారం.

"ఆ చిటికెడు ఇవ్వండి. అక్కడ పనంతా ఆగిపోయింది."

"నా పేరు?"

"ముందు ఇవ్వండి. తర్వాత చూద్దాం."

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "శుక్రారం దీపం పెట్టినంక మా ఇంట్ల తోడు ఇయ్యం సార్. లక్ష్మి పోతదంటరు."

"అమ్మా, ఇది పెరుగు కాదమ్మా, కెమిస్ట్రీ!"

"ఏదైతేంది సార్, తోడు తోడే గద. పేరు రాసినంక తీస్కపోండ్రి."

ఆయన అరగంట చెమటలు కక్కి, ఆకుపచ్చ సిరా పెన్ను తీసి, రిపోర్టు మీద అన్నిటికంటే పైన నా పేరు రాశాడు. అప్పుడు భరిణె ఇచ్చాను. మర్నాటికి ఫ్యాక్టరీలో పొడి దిగింది.

ఇక ఒప్పుకోవాలి. సొరకాయ, బస్సు, ఫ్యూజులు పెంచినవే తప్ప కల్పించినవి కావు. కల్పించింది ఆ ఆకుపచ్చ సిరా ఒక్కటే. మా ఆవిడ నిజంగానే అడ్డం నిలబడింది, నిజంగానే ఆ మాట అంది. "నువ్వూరుకో, పెద్దాయన ఇంటికొస్తే!" అని ఆమెను కసిరి, భరిణె ఆయన చేతిలో పెట్టి, కాఫీ తాగి వెళ్లమని బతిమాలింది నేను. ఆయన కాఫీ కూడా తాగలేదు.

భరిణె తిరిగి రాలేదు. రిపోర్టు మీద ఈనాటికీ రెండే పేర్లు. లోపల, దిగుబడి అరవై ఎనిమిది శాతం అని ఉంటుంది. ఆ అంకె నేను వేసింది. దాన్ని ఒక్క పాయింటు కూడా పెంచలేదు.