సోమవారం లెక్కలు

సన్నీబ్యాంక్ పేటలో మేమిద్దరం ఒకే గదిలో అద్దెకున్న రోజుల్లో, సుగుణకుమారి అక్క కళ్ళు పూర్తిగా తెరుచుకుని ఉండగా నేను చూసింది తక్కువ. బాపట్ల మనిషి. యూనివర్సిటీలో మాస్టర్స్ చదువుతూ అక్కడి ల్యాబ్‌లోనే రీసెర్చ్ అసిస్టెంటుగా చేసేది. శని, ఆదివారాలు ముసలివాళ్ళ నర్సింగ్ హోములో నైట్ డ్యూటీ. ఆదివారం పొద్దున డ్యూటీ దిగి నేరుగా చర్చికొచ్చి, ప్రసంగం సగంలోనే నా భుజం మీద తల వాల్చేసేది. సోమవారం అదే యూనిఫారం మీద కోటు తొడుక్కుని ల్యాబ్‌కి పోయేది. ఆ అవతారం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

"ఆ ల్యాబ్‌లో ఏం లెక్కపెడతావక్కా రోజంతా?"

"మెదళ్ళే. డన్నార్ట్ పిల్లలవి."

డన్నార్ట్ అంటే చిట్టెలుకంత జంతువు. కంగారూలాగే పిల్లల్ని పొట్ట సంచిలో పెంచుతుంది. పుట్టినప్పుడు పిల్ల బియ్యపు గింజంత ఉంటుంది. మెదడు చాలావరకు ఆ సంచిలోనే పెరుగుతుంది. ఆ మెదడును పల్చటి పొరలుగా కోసి మైక్రోస్కోపు కింద పెడతారు. కొత్త కణం కనిపించినప్పుడల్లా అక్క చేతిలోని మీట నొక్కాలి. రోజుకొక పిల్ల. అది ఏ పిల్లో ఆమెకు చెప్పరు, నంబరే ఇస్తారు. పక్షపాతం రాకూడదట.

ఆ ఆగస్టులో ల్యాబంతా సంబరం. ఆరు పిల్లల్లో మెదడు మిగతావాటికన్నా నెమ్మదిగా పెరిగిందని లెక్కల్లో తేలింది, కొత్త సంగతేనట. ప్రొఫెసర్ హెలెనా మెల్బోర్న్ సదస్సులో చెప్పడానికి వ్యాసం రాసింది. అందులో అక్క పేరు రెండోది. ఆ పేరుంటే పీహెచ్‌డీ సీటు ఖాయమే.

వారం తిరక్కుండానే ఒక సాయంత్రం అక్క లెక్కల కాగితాలు మంచమంతా పరిచింది.

"షారన్, ఇట్టా రా. ఈ డేట్లు చూడు."

వెనకబడిన ఆరింటినీ లెక్కపెట్టింది సోమవారాల్లోనే.

"పిల్లలు బానే ఉన్నాయే. నేనే నిద్రమత్తులో కణాలు వదిలేశా."

"ఊరుకో అక్కా! ఎవరు చెక్ చేస్తారు? కాన్ఫరెన్స్ అయ్యాక చూద్దువులే" అన్నాను. నిజంగానే అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మర్నాడు వెళ్ళి చెప్పేసింది. ఉద్యోగం పోతుందనుకునే వెళ్ళింది. హెలెనా చాలాసేపు కాగితాలు తిరగేసి, చివరికి ఒక్కటే అడిగిందట, శనివారం నుంచి సోమవారం దాకా ఎన్ని గంటలు పడుకుంటావని.

"ఏం చెప్పావు?"

"నాలుగు" అని అక్క భోరుమంది. ఈ దేశం వచ్చి రెండేళ్ళయినా ఆ మాట అడిగినవాళ్ళు లేరంది. పక్క మంచంలోనే ఉన్న నేనూ అడగలేదు.

సదస్సు పోయింది, వ్యాసం పోయింది, ఆ సంవత్సరం పీహెచ్‌డీ సీటూ రాలేదు. ఆ ఆరు పిల్లల్నీ మంగళ, బుధవారాల్లో మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. దేనికీ ఏ లోటూ లేదు.

నర్సింగ్ హోము మాత్రం మానలేకపోయింది. సోమవారం మైక్రోస్కోపు ముట్టుకోవద్దని హెలెనా గట్టిగా చెప్పింది. సోమవారం మధ్యాహ్నం నేను క్లాసు నుంచి వచ్చేసరికి అక్క యూనిఫారంలోనే నిద్రపోతూ ఉండేది. చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వెళ్ళేదాన్ని.