పల్లె గీత

పట్నంలోని గోల్‌మురి పేట నుంచి పాత స్కూటర్ మీద వచ్చే పైడిబాబు, ఆసుపత్రి కిటికీ వెనక కూర్చుని కేన్సర్ రోగుల వివరాలు రాసుకుంటాడు. అన్నీ పెన్నుతోనే రాస్తాడు గానీ, ‘పల్లె’, ‘పట్నం’ అన్న రెండు గళ్ల దగ్గరికి వచ్చేసరికి పెన్సిల్ తీస్తాడు. ఎందుకంటే, ఏ పల్లె నుంచి వచ్చినవాళ్లయినా కిటికీలోకి వంగి, గొంతు తగ్గించి, పట్నంలోనే బర్మామైన్స్ పేటలో తాము దిగిన చుట్టాలింటి చిరునామాయే రాయమంటారు. పైడిబాబు చెవి వెనక గోక్కుంటాడు. రబ్బరుతో పల్లె గడిలో టిక్కు చెరిపి, ఉఫ్ మని ఊది, పట్నం గడిలో పెడతాడు. అది జాలో, తప్పో ఎనిమిదేళ్లుగా అతనికి తేలడం లేదు.

మొన్న సోంపేట దగ్గరి పల్లె నుంచి అతని మేనత్త వరహాలమ్మే వచ్చింది, గొంతులో గడ్డతో. అడక్కుండానే పల్లె గడిలో టిక్కు పెట్టేశాడు. ఆవిడ అతని చెయ్యి పట్టుకుంది.

“మనూరు రాయకు బాబూ. తెలిత్తే నా సేతి నీళ్లు ఎవులూ తాగరు. మీ ఇల్లే రాసీ.”

చెరిపాడు. అక్కడ కాగితం పలచబడింది.

లేవబోతూ ఆవిడ గోడమీది పటం చూసింది. “ఆ గీతలేటి?”

“నేను రాసే ఈ కాగితాల్లోంచి తీసిన కేన్సర్ లెక్కలత్తా. ఎర్రది పట్నం, పచ్చది పల్లెలు.”

ఎర్ర గీత ఏటేటా పైకి పాకుతోంది. పచ్చ గీత కిందే పడుకుని ఉంది. వరహాలమ్మ ముఖం విప్పారింది.

“సూసావా, మనకాడ ఈ రోగమే నేదు! మందులెందుకు నాయినా, నన్ను ఊరెళ్లిపోనీ. అక్కడే తగ్గిపోద్ది.”

పైడిబాబు నోరు తెరిచాడు. వెనక వరసలో వాళ్లంతా వింటున్నారు. అతని చేతిలో ఇంకా రబ్బరే ఉంది.