పద్నాలుగు చెంబుల వైద్యం

ఆ రోజుల్లో మా కొల్లేటి చెరువుల వైపు బీపీ అంటే రోగం కాదు, హోదా. ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టు మీదున్న మనిషిని తిట్టగలిగిన వాళ్లకీ, ముప్పై ఎకరాలకి తక్కువ కాకుండా చెరువులున్న వాళ్లకీ మాత్రమే అది వస్తుందని అందరం నమ్మేవాళ్లం. సొంతానికి ఒక సైకిలు తప్ప మరేమీ లేని ఇరవై నాలుగేళ్ల వాడికి బీపీ రావడమంటే అర్హత లేకుండా అందలం ఎక్కడమే. నాకు వచ్చింది. (అంతకుముందు నాకేదీ అంత సులువుగా రాలేదు. డిగ్రీ కూడా మూడో దండయాత్రలో వచ్చింది.)

అప్పట్లో నేను నిడమర్రు అవతల మా మావయ్య ఇంట్లో ఉంటూ, ఆయన చేపల చెరువుల్లో మేత బస్తాలు మోస్తూ, ఎలాగో తాడేపల్లిగూడెంలో ఒక కంపెనీలో స్టోర్సు గుమాస్తా ఉద్యోగం సంపాదించాను. చేరడానికి డాక్టరు సంతకం పెట్టిన ఫిట్‌నెస్ కాగితం ఒక్కటే తక్కువ. గూడెంలో డాక్టరమ్మ గారు నా చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, ముఖం అదోలా పెట్టారు. "నూట అరవై ఉందండీ. ఒక్కసారి చూసి తేల్చేది కాదు లెండి. ఉప్పు బాగా తగ్గించి వారం పోయాక రండి. అప్పుడూ ఇలాగే ఉంటే మాత్రం సంతకం పెట్టలేను" అన్నారు. ఆ సంతకం పడకపోతే ఉద్యోగం లేదు, మళ్లీ మేత బస్తాలే.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య ఎండుచేపల పులుసు, మాగాయ వడ్డించి, చాలకపోతే వేసుకోమని పక్కన ఉప్పు గిన్నె కూడా పెట్టింది. ముద్ద దిగక విషయం చెప్పాను. మావయ్య పెద్దగా నవ్వాడు.

"ఓస్, ఇంతేనా! ఒరేయ్ అల్లుడూ, ఎండాకాలం సముద్రప్పోటుకి ఉప్పుటేరు ఎగదన్ని మన చెరువులో ఉప్పెక్కితే ఏం చేస్తాం?"

"కింద తూము తీసి పాత నీళ్లు వదిలేసి, పైనుంచి కాలవ నీళ్లు పెడతామండీ."

"మరింకేం? నువ్వూ అదే చెయ్యి."

"ఏవండీ, వాడు మనిషండీ, బొచ్చె చేప కాదు" అంది అత్తయ్య.

"ఎవరికైనా ఉప్పు ఉప్పేనే. నీళ్లు మార్చుకునేవాడికి పథ్యం దేనికి? వాడికింకో మాగాయ ముక్క వెయ్యి."

ముప్పై ఏళ్లుగా చేపల్ని బతికించిన మనిషి మాట కాదనడానికి నేనెవర్ని? వారం రోజులూ మామూలుగానే తిన్నాను. డాక్టరమ్మ గారి దగ్గరికి వెళ్లే రోజు పొద్దున్నే అరుగు మీద కూర్చోబెట్టి, మావయ్య లెక్కపెడుతూ పద్నాలుగు చెంబుల నీళ్లు తాగించాడు. నడుస్తుంటే నా పొట్టలో అలలు లేస్తున్న చప్పుడు నాకే వినపడింది. (మా కుక్క కూడా చెవులు రిక్కించింది.)

గణపవరం దాకా బస్సు బాగానే నడిచింది. పెంటపాడు దగ్గర గడ్డి లోడు ట్రాక్టరొకటి రోడ్డుకి అడ్డంగా ఒరిగిపోయింది. ముందు సీటు కమ్మీ పట్టుకుని, కాళ్లు మెలేసుకుని, కళ్లు మూసుకున్నాను. పక్కనున్న పెద్దాయన, "ఏం బాబూ, ఒంట్లో బాగోలేదా?" అన్నారు. "తూము తియ్యాలండీ" అన్నాను. "అయ్యో, ఏ ఊరి తూము బాబూ?" అన్నారాయన ఎంతో దయగా. దిగి గట్టు పక్కకి పోదామంటే బస్సు కదిలిపోతుందని భయం. అది తప్పితే డాక్టరమ్మ గారు వెళ్లిపోతారు.

ఆసుపత్రికి పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి నా పేరే పిలుస్తున్నారు. అలాగే వెళ్లి కూర్చున్నాను. గాలి కొట్టి చూసి డాక్టరమ్మ గారు ఉలిక్కిపడ్డారు.

"నూట ఎనభై నాలుగా! వారం నుంచి ఏం తిన్నారండీ?"

"తినడం కాదండీ... పొద్దున్న కొంచెం తాగానండీ."

"ఎంత?"

"పద్నాలుగు చెంబులండీ."

నర్సమ్మ చేతిలో ట్రే కింద పడింది. అవి నీళ్లేనని తేలాక, తూముల సిద్ధాంతమంతా విన్నాక, డాక్టరమ్మ గారు ముఖానికి ఫైలు అడ్డం పెట్టుకుని చాలాసేపు తియ్యలేదు. తరవాత వేలు చూపించి, "ముందు అటెళ్లి రండి" అన్నారు. వెళ్లొచ్చాక నన్ను మాట్లాడనివ్వకుండా పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూశారు. నూట యాభై ఎనిమిది.

"చూశారా, బిగబట్టుకుని కూర్చుంటే ఇంకా పెరుగుతుంది. నీళ్లతో కడిగితే పోయేది కాదండీ ఇది. ఉప్పు కంచంలోనే ఆపాలి."

"నాకు తలనొప్పి కూడా లేదండీ" అన్నాను దీనంగా.

"అదేనండీ నా భయం. చప్పుడు చెయ్యదు. ఏళ్ల తరబడి గుండెనీ, కిడ్నీలనీ, మెదడునీ లోలోపల దెబ్బతీసి, ఏదో ఒకరోజు పక్షవాతంలా బయటపడుతుంది. రోజూ మాత్ర వేసుకోండి. బాగుంది కదా అని మానెయ్యకండి." ఆవిడే కంపెనీకి ఉత్తరం రాసి నాకు నెల గడువు ఇప్పించారు.

ఆ నెలంతా చప్పిడి కూరలు తింటుంటే మావయ్య నా ఎదురుగా కూర్చుని మాగాయ టెంక చీకుతూ, "ముసలాడా, మాత్ర వేసుకున్నావా?" అని ఏడిపించాడు. నెల తిరిగేసరికి అంకె దిగింది, సంతకం పడింది. ఆ సంతోషంలో, "మావయ్యా, మీరూ ఒకసారి చూపించుకోండి" అన్నాను.

"నాకేంరా, గుండ్రాయిలా ఉన్నాను."

"పొద్దున్నే చెరువు నీళ్లు సీసాలో పట్టి ఆక్సిజన్ ఎందుకు చూస్తారండీ? పైకి చెరువు బాగానే ఉంది కదా?"

"చేపలు పైకి తేలి నోళ్లు తెరిచాక చూస్తే ఏం లాభంరా, వెర్రి..." అని ఆగిపోయాడు. అత్తయ్య ఇస్త్రీ చొక్కా తెచ్చి చేతికిచ్చింది.

మావయ్యకి నూట తొంభై ఆరు. (నాకంటే ఎక్కువ వచ్చిందని బస్సులో వస్తున్నంతసేపూ మీసం దువ్వుకున్నాడు. మర్నాడు ఉప్పు గిన్నె ఆయనే అటక ఎక్కించాడు.)

ఇప్పుడు నాకూ జుట్టు నెరిసింది. రోజూ పొద్దున్నే మావయ్య ఫోన్ చేసి, "అల్లుడూ, వేసుకున్నావా?" అంటాడు. "వేసుకున్నానండీ. మరి మీరు?" అంటాను. మొన్న ఏలూరులో ఓ పెళ్లిలో ఈ కథ చెబుతూ పద్నాలుగు చెంబుల్ని పద్నాలుగు బిందెలు చేశాను. నూట ఎనభై నాలుగు కూడా రెండొందల ఇరవై దాకా వెళ్లింది. వెనక బంతిలోంచి అత్తయ్య, "తాగింది తొమ్మిది చెంబులేనర్రా, నేను చూశాగా!" అని అరిచింది. కావచ్చు. నా నోట్లో ఏ అంకె అయినా ఏటా పెరుగుతూనే ఉంటుంది, పెరగకుండా ఉన్నది నా బీపీ ఒక్కటే. అది నా గొప్ప కాదు, ఆ చిన్న తెల్ల బిళ్లది. కాకపోతే పెంటపాడు దగ్గర గడ్డి ట్రాక్టరు కనపడితే చాలు, ఇప్పటికీ నా కాళ్లు వాటంతటవే మెలిపడతాయి.